గూగుల్ డ్రైవ్ చిక్కులు: లింకు తెరుచుకోకపోతే, చోటు చాలకపోతే, ఫైలు కనబడకపోతే

గూగుల్ డ్రైవ్‌లో ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగానికి మూలం రెండు ప్రశ్నల్లో ఉంటుంది: ఈ ఫైలు ఎవరి ఖాతాకు చెందినది, నేను ఇప్పుడు ఏ ఖాతాతో చూస్తున్నాను? ఈ రెండూ తేల్చుకోకుండా ఫోన్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయడం, యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోవడం వల్ల కాలహరణమే తప్ప ప్రయోజనం ఉండదు.

లింకు నొక్కితే అనుమతి కావాలని చెబుతోంది

పెళ్లి ఫొటోల లింకును వాట్సాప్‌లో బంధువులందరికీ పంపితే, కొందరికి తెరుచుకుని కొందరికి తెరుచుకోకపోవడం తరచూ జరిగేదే. ఆ లింకును ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే ఏ ఖాతాలోకీ ప్రవేశించకుండా, ఒకసారి తెరిచి చూస్తే కారణం చాలావరకు బయటపడుతుంది. అక్కడ సైన్ ఇన్ చేయమని అడిగితే యజమాని ఆ ఫోల్డరును ‘రిస్ట్రిక్టెడ్’ స్థితిలోనే ఉంచారని, పేరుపేరునా చేర్చిన ఈమెయిళ్లకు మాత్రమే అది కనబడుతుందని అర్థం. మీ పేరు చేర్చారని వారు గట్టిగా చెబుతున్నా తెరుచుకోకపోతే, మీ ఫోన్‌లోని డ్రైవ్ యాప్ వేరే ఖాతాతో నడుస్తూ ఉండవచ్చు. యాప్‌లో పైన కుడివైపు ఉన్న గుండ్రటి బొమ్మను నొక్కి, వారు చేర్చిన ఖాతాకు మారితే సరిపోతుంది. తప్పు ఖాతాలో ఉండి ‘రిక్వెస్ట్ యాక్సెస్’ నొక్కితే, యజమానికి ఆ ఖాతా పేరుతోనే అభ్యర్థన వెళ్తుంది. గుర్తుపట్టని పేరు చూసి వారు పక్కన పెట్టేస్తారు.

యజమాని ‘ఎనీవన్ విత్ ద లింక్’ అని మారిస్తే ఈ తంటా ఉండదు గానీ, ఆధార్ ప్రతులు, మార్కుల జాబితాలు, ఆస్తి పత్రాలు ఉన్న ఫోల్డరుకు మాత్రం ఆ సులభమార్గం పనికిరాదు. ఆ లింకు ఏ గ్రూపు నుంచి ఏ గ్రూపుకు పోతుందో పంపినవారికే తెలియదు. కార్యాలయం లేదా కళాశాల ఇచ్చిన ఖాతాలలో బయటివారికి పంచుకోవడాన్ని నిర్వాహకులు నిషేధించి ఉంటే, దాన్ని మార్చగలిగేది వారే.

స్టోరేజీ నిండిందంటోంది, ఎంత తీసేసినా తగ్గడం లేదు

ఉచితంగా దొరికే 15 జీబీ ఒక్క డ్రైవ్‌దే కాదు. జీమెయిల్, గూగుల్ ఫొటోస్ కూడా అందులోనే వాటా పంచుకుంటాయి. 2021 జూన్ 1 తరువాత, నాణ్యత తగ్గించి దాచిన ఫొటోలు కూడా సాధారణంగా ఈ లెక్కలోకే వస్తున్నాయి. డ్రైవ్‌లో తీసేసిన ఫైలు వెంటనే పోదు, 30 రోజులు ట్రాష్‌లో ఉండి అప్పటిదాకా చోటు ఆక్రమిస్తూనే ఉంటుంది కాబట్టి, ట్రాష్‌ను ఖాళీ చేసే వరకు అంకె తగ్గదు. తరువాత స్టోరేజీ విభాగంలో ఫైళ్లు పెద్దవి ముందుగా కనబడతాయి. మరిచిపోయిన నాలుగైదు వీడియోలు తీసేస్తేనే చాలామందికి ఊపిరి ఆడుతుంది.

ఇతరులు మీతో పంచుకున్న ఫైళ్లను తొలగించి చోటు మిగిలిందనుకోవడం మాత్రం భ్రమ, ఎందుకంటే అవి యజమాని లెక్కలోనే ఉంటాయి. ఖాతా నిండిన స్థితిని తేలికగా తీసుకోకూడదు: కొత్త ఈమెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది, ఉద్యోగ దరఖాస్తుల కాలంలో అది చిన్న నష్టం కాదు.

నిన్నటిదాకా ఉన్న ఫైలు ఈరోజు లేదు

మీ ఫోల్డరులో మీ అక్క వీడియోలు ఎక్కిస్తే, ఫోల్డరు మీదైనా ఆ వీడియోలకు యజమాని ఆమే. ఆమె వాటిని తొలగిస్తే మీకూ ఉండవు. ముఖ్యమైనవాటికి ‘మేక్ ఎ కాపీ’తో మీ సొంత ప్రతి తీసుకోవడమే మందు. దీనికి తిరగబడిన సందర్భం కూడా ఉంది: మీరు మరొకరి ఫోల్డరులో ఫైలు పెట్టిన తరువాత వారు ఆ ఫోల్డరునే తొలగిస్తే, మీ ఫైలు పోకుండా, ఏ ఫోల్డరుకూ చెందక ఎక్కడో మిగిలిపోవచ్చు. కంప్యూటర్‌లో డ్రైవ్ తెరిచి, వెతికే పెట్టెలో ‘is:unorganized owner:me’ అని టైపు చేస్తే అలాంటివి బయటపడతాయి.

అప్‌లోడ్ కదలడం లేదు

ఫోన్‌లో అయితే ముందుగా యాప్ సెట్టింగులలో వైఫై ద్వారా మాత్రమే పంపాలన్న మీట ఆన్‌లో ఉందేమో చూడండి. మొబైల్ డేటా మీద ఉన్నంతసేపూ ఫైలు వరుసలో నిరీక్షిస్తూనే ఉంటుంది.

తెలుగు పత్రం తెరిస్తే ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనబడుతున్నాయి

ఈ చిక్కు మనకు ప్రత్యేకం. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో కూర్చిన వర్డ్ ఫైలు యూనికోడ్‌లో, అంటే ఏ పరికరమైనా తెలుగుగానే గుర్తించే ప్రామాణిక అక్షర సంకేతాల్లో, ఉండదు. ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు ఆకారాలను పెట్టి ఆ ఫాంట్లు పనిచేస్తాయి. ఆ ఫాంటు లేని చోట, అంటే డ్రైవ్‌లో, అడుగున ఉన్న ఆంగ్ల గుర్తులే పైకి తేలుతాయి. ఫైలు చెడిపోలేదు కనుక మళ్లీ మళ్లీ పంపించుకోవడం వృథా. చదవడమే అవసరమైతే, ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే పీడీఎఫ్‌గా మార్చి, ఫాంటు అందులో పొదిగేలా పంపమని కోరండి. నలుగురూ కలిసి దిద్దవలసిన పత్రమైతే, దాన్ని యూనికోడ్‌కు మార్చక తప్పదు; మార్చిన తరువాత ఒత్తులు, పొల్లులు చోటు తప్పి ఉండవచ్చు కాబట్టి మూలాన్ని పక్కన పెట్టుకుని ఒక్కసారైనా పూర్తిగా చదివి, ఆ తరువాతే గూగుల్ డాక్స్‌లోకి ఎక్కించండి.