కత్తిపీట తుప్పుకి నిమ్మ ఉప్పు

వానాకాలం వచ్చిందంటే మా కత్తిపీటకి తుప్పు పట్టేస్తుంది, ఎంత రుద్దినా గుంటల్లోది పోదు. ఈసారి లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, చెక్క తడవకుండా ఇనుప భాగం మాత్రం మునిగేలా మూడు గంటలు ఉంచాను. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే తుప్పు ఊడొచ్చింది.

తర్వాత చెంచాడు వంటసోడా కలిపిన నీళ్లతో కడగాలి. లేదంటే మిగిలిన పులుపుకి కాసేపట్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, నాలుగు చుక్కల కొబ్బరినూనె రాయండి. అసలు కాపాడేది ఆ నూనె పొరే, తేమని ఇనుము దాకా రానివ్వదు.

రాత్రంతా మాత్రం నానబెట్టకండి, తుప్పు పోయాక పులుపు మంచి ఇనుముని కూడా తినేస్తుంది. జింకు పూత ఉన్న బకెట్లకి అస్సలు వద్దు, పూతే పోతుంది.