బీట్‌రూట్, బంగాళదుంపలతో కణత్వచం పనితనాన్ని ఇంట్లోనే చూడటం ఎలా?

కణత్వచం అంటే కణం చుట్టూ కాపలా ఉండే పల్చటి పొర. హైస్కూల్లో ఆ పాఠాన్ని బట్టీపట్టి గట్టెక్కినవాళ్లమే మనలో చాలామందిమి. ఆ పొర పనితనాన్ని కళ్లారా చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక బీట్‌రూట్, ఒక బంగాళదుంప, ఉప్పు, నాలుగు గ్లాసులు చాలు. పాత బట్టలు వేసుకోండి, ఈ మరక ఒక పట్టాన వదలదు.

ముందు బీట్‌రూట్. చెక్కు తీసి, అంగుళం ముక్కలుగా కోసి, కుళాయి కింద పెట్టి కారే నీళ్లు తేటపడేదాకా కడగండి. ఈ పని మాత్రం ఎగ్గొట్టొద్దు. కత్తి పడ్డచోట కణాలు తెగి రంగు ముందే కారుతూ ఉంటుంది. మొదటిసారి నేను ఒక్కసారి జాడించి వేసేశాను, అన్ని గ్లాసులూ ఎర్రబడితే ప్రయోగమే తప్పనుకున్నాను.

కడిగిన ముక్కలు కొన్ని చల్లటి నీళ్లలో, కొన్ని పొయ్యి మీంచి దించి రెండు నిమిషాలు ఆగిన వేడినీళ్లలో వేయండి. వేడికి పగలని గాజు కప్పయితే మంచిది, స్టీలు గ్లాసులో రంగు తెలియదు. ఇరవై నిమిషాలు కదపకండి. చల్లటి నీళ్లు మహా అయితే లేత గులాబీ రంగుకు వస్తాయి. వేడినీళ్లలో మాత్రం ముక్క చుట్టూ ఎర్రటి పొగలాంటిది దిగుతూ, కాసేపటికి కప్పంతా చిక్కబడుతుంది.

ఆ రంగు కణం లోపల రిక్తిక అనే సంచిలో ఉంటుంది. బయటపడాలంటే రిక్తిక పొరనూ దాటాలి, కణత్వచాన్నీ దాటాలి. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. రెండు వరుసల కొవ్వు అణువులు, వాటి మధ్య అక్కడక్కడా ప్రోటీన్లు, అంతే. అంత పల్చటి పొర చల్లటి నీళ్లలో రంగును పట్టి ఉంచింది. వేడికి కొవ్వు వరుసలు సడలి, ప్రోటీన్ల ఆకారం చెడి, కాపలా పోయింది. రాత్రి ఫ్రీజర్‌లో పెట్టిన ముక్కలను మామూలు నీళ్లలో వేసినా రంగు కారుతుంది, ఎందుకంటే మంచు పలుకులు పొరలను చీల్చేస్తాయి.

ఇప్పుడు బంగాళదుంప. చిటికెన వేలంత ముక్కలు రెండు కోసి, ఒకటి మంచినీళ్లలో, ఒకటి మూడు చెంచాల ఉప్పు కలిపిన గ్లాసు నీళ్లలో రెండు గంటలు ఉంచండి. మొదటిది వంచితే ఫట్‌మని విరుగుతుంది, రెండోది రబ్బరులా వంగుతుంది. పొర నీటిని తేలిగ్గా పోనిస్తుంది, ఉప్పును అంత సులువుగా రానివ్వదు. అందుకే ఉప్పు ఎక్కువున్న వైపుకు నీరు వెళ్లిపోతుంది. దీన్నే ద్రవాభిసరణ అంటారు. మాగాయ కోసం ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తే దిగే ఊటకు మూలం కూడా ఇదే. నీటి కోసం పొరలో ప్రత్యేక దారులుంటాయి, ఆక్వాపోరిన్లు అంటారు. వాటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇంట్లో చూడలేనిది ఒకటుంది. మన కణాల పొరలో ఒక పంపు, శక్తి ఖర్చుపెట్టి, మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది, ఒక్క క్షణం కూడా తీరిక లేకుండా.

చివరగా, వాడిన బంగాళదుంప ముక్కను ఉప్పు కడిగి మంచినీళ్లలో వేయండి. మరీ ఎక్కువసేపు ఉప్పులో నానకపోతే గంటా రెండు గంటల్లో మళ్లీ బిగుస్తుంది. పక్కనే ఉడికించిన ముక్క ఒకటి వేసి చూడండి, అది ఎంతసేపున్నా మెత్తగానే ఉంటుంది.