పాత అంబాసిడర్‌కి చూస్తే కంపెనీదే అనిపించే పర్ఫార్మెన్స్ సైలెన్సర్ ఎలా వెతుక్కోవాలి?

మా నాన్నగారి మార్క్ 3 అంబాసిడర్‌లో ఇప్పుడున్నది ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజిన్. కంపెనీ నుంచి వచ్చిన 1489 సీసీ ఇంజిన్ అరిగిపోయాక ఈ 1817 సీసీది ఎక్కించి, ఆర్సీలో కూడా మార్పించుకున్నాం. అంతవరకూ బాగానే జరిగింది. సైలెన్సర్ దగ్గరే తప్పు చేశాను. ఒక షాపువాళ్లు పాత డ్రమ్మును కోసేసి, అద్దంలా మెరిసే సన్నటి డబ్బా, వెనక చెంబంత మూతి పెట్టారు. పికప్ పెరిగిందని సంబరపడి అమ్మను వెనక కూర్చోబెట్టుకుని భీమిలి బయల్దేరాను. రుషికొండ దాటి కాస్త స్పీడు అందుకోగానే కారంతా ఒకటే హోరు. అమ్మ చెవులకు కొంగు అడ్డం పెట్టుకుంది. భీమిలిలో దిగి, "నాన్నగారి బండి గొంతు ఇది కాదురా" అంది.

ఆ తర్వాత పని మొదటి నుంచి మళ్లీ చేయించాను. మీ బండి పద్మిని అయినా, కాంటెస్సా అయినా దారి ఇదే.

పాతదాన్ని కోయించకముందే కొలవండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, చాలామంది చేయనిదీ ఇదే. బండిని ర్యాంప్ ఎక్కించి పాత సైలెన్సర్ పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. డ్రమ్ము గుండ్రమా, కోలగా ఉందా చూడండి. పైపు మధ్యలోంచి వస్తోందా, పక్కనుంచా? సైలెన్సర్‌ని కిందకి వేలాడదీసే హ్యాంగర్లు ఎక్కడ తగిలించారు? టెయిల్ పైప్ మూతి ఎంత లావు, బంపర్ కింద నుంచి ఎన్ని సెంటీమీటర్లు బయటికి కనిపిస్తోంది? ఈ చివరి కొలతను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. వెనక నిలబడ్డ మనిషికి మొత్తం ఎగ్జాస్ట్‌లో కనపడేది ఆ బెత్తెడు మూతే. డ్రమ్ము అడ్డకోతకు సరిపడా ఒక అట్ట ముక్క కత్తిరించి దగ్గర ఉంచుకోండి. షాపులో దాన్ని కొత్త డ్రమ్ముకి ఆనించి చూస్తే ఇక వాదన ఉండదు.

కారులో నలుగురిని కూర్చోబెట్టి, నేల నుంచి డ్రమ్ము ఎంత ఎత్తులో ఉందో కూడా కొలవండి. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు తెలిసిందే. తీసిన పాత సైలెన్సర్‌ని మాత్రం పాతసామాన్లవాడికి వేయొద్దు.

పైపు ఎంత లావు ఉండాలి?

లావు పైపు వేస్తే పవర్ పెరుగుతుందన్న మాట షెడ్లలో బాగా నానింది. మరీ లావైతే పొగ వేగం తగ్గి, తక్కువ స్పీడులో లాగుడు పోతుంది. ఊళ్లో తిరిగే బండికి కావలసింది ఆ లాగుడే. మోటుగా ఒక లెక్క ఉంది: పైపు లోపలి వైశాల్యం చదరపు అంగుళానికి 50 హార్స్‌పవర్. బయటి కొలత ఒకటిముప్పావు అంగుళం, గోడ మందం 1.6 మిల్లీమీటర్లు ఉన్న పైపుకి లోపలి వైశాల్యం రెండు చదరపు అంగుళాల పైచిలుకు. అంటే 100 హార్స్‌పవర్ దాకా సరిపోతుంది. ఈ ఇసుజు ఇంజిన్ ఇచ్చేది అంతకన్నా తక్కువే. రెండు అంగుళాల పైపు 135 దాటినా తట్టుకుంటుంది. అందుకే నేను ఒకటిముప్పావు దగ్గరే ఆగాను.

లావు కన్నా వంపుల మీద దృష్టి పెట్టండి. మామూలు మెషీన్ మీద వంచితే మలుపు దగ్గర పైపు నొక్కుకుపోతుంది. నొక్కుకోకుండా వంచేదాన్ని మాండ్రెల్ బెండ్ అంటారు. ఆ మెషీన్ దొరక్కపోతే రెడీమేడ్ వంపులు కొని అతికించుకోవచ్చు. మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట కలిపే ఇంజిన్ భాగం) కింద మొదటి మలుపే నొక్కుకుపోయి ఉంటే, వెనక ఎంత ఖరీదైన డ్రమ్ము పెట్టినా ఒరిగేదేమీ లేదు.

డ్రమ్ము లోపల ఏముందో చూడండి

పాత రకం డ్రమ్ముల లోపల గదులు, అడ్డుగోడలు ఉంటాయి. పొగ మెలికలు తిరిగి బయటికి వస్తుంది. చప్పుడు తగ్గుతుంది, ఇంజిన్‌కి ఆయాసం పెరుగుతుంది. మనకు కావలసింది తిన్నగా పోయే రకం. మధ్యలో చిల్లులున్న గొట్టం, దాని చుట్టూ చప్పుడు పీల్చుకునే గ్లాస్‌వూల్ లాంటి పీచు, పైన తొడుగు. ఒక చివర టార్చ్ వేసి రెండో చివర నుంచి చూడండి. నిండు గుండ్రంగా వెలుతురు కనిపిస్తే ఇదే.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు పేలుతుంది. నిమిషానికి 2400 చుట్లంటే సెకనుకు 80 పేలుళ్లు. అంత బరువైన శబ్దాన్ని మింగాలంటే డ్రమ్ములో చోటు ఉండాలి. సన్నటి డబ్బాకి ఆ శక్తి లేదు, అందుకే హోరు కారులోకి ఎక్కింది. కాబట్టి పాత డ్రమ్ము సైజునే పట్టుకోవడం అందం కోసం మాత్రమే కాదు, చెవుల కోసం కూడా. పైపు మధ్యలో చిన్న రెసొనేటర్ (చప్పుడు మింగే అదనపు డబ్బా) ఒకటి పెట్టించుకుంటే రేకు అదిరినట్టుండే గరగర కూడా పోతుంది.

ఎక్కడ, ఎలా వెతకాలి?

మన విశాఖలో ముందు ఆటోనగర్ చూడండి. మీ బండి పేరు చెప్పి సైలెన్సర్ అడిగితే లేదంటారు. డ్రమ్ము కొలతలు, పైపు లోపలికి వచ్చే చోటు చెప్పి, ఏ బండిదైనా ఫరవాలేదని అడగండి. అప్పుడు అటక మీద నుంచి సరుకు దిగుతుంది. సరిపోయేది దొరక్కపోతే పాత డ్రమ్మునే తెరిపించి, అడ్డుగోడలు తీయించి, చిల్లుల గొట్టం, పీచు పెట్టించి మళ్లీ మూయించవచ్చు. నేను చేయించింది ఇదే. "ఏటి గురువుగారూ, పాతది కోసి మళ్లీ పాతదే చెయ్యమంటారేటి?" అని మేస్త్రి ఆశ్చర్యపోయాడు. అట్ట ముక్క, టార్చ్ చూపించాక ఇష్టంగా కూర్చున్నాడు. తొడుగు మాత్రం తుప్పు తినేసి ఉండకూడదు.

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. 304 రకం స్టెయిన్‌లెస్‌కి అది దాదాపు అంటుకోదు, 409 రకానికి, మామూలు ఇనుముకి గట్టిగా అంటుకుంటుంది. సముద్రపు గాలికి మామూలు ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో విశాఖవాళ్లకు చెప్పనక్కర్లేదు. డబ్బులు సర్దుకోగలిగితే పైపులు 304వే తీసుకోండి. మెరుపు పోవాలంటే బాగా రుద్దించి, వేడికి తట్టుకునే మ్యాట్ నల్ల పెయింట్ కొట్టించండి. మూతికి పాత కొలతే ఉంచండి.

బిగించేటప్పుడు

పోత ఇనుప మానిఫోల్డ్ తీసేసి హెడర్లు (ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొట్టం ఉండే సెట్టు) పెట్టమని సలహా ఇస్తారు. నా మాట వినండి, వద్దు. బానెట్ ఎత్తగానే కనిపించేది అదే, పైగా హెడర్లతో బానెట్ కింద వేడి పెరుగుతుంది. కొత్త గ్యాస్‌కెట్ వేసి, ఇంజిన్ ఊగినా పైపు పగలకుండా ఫ్లెక్సిబుల్ ముక్క ఒకటి పెట్టించండి. హ్యాంగర్ల రబ్బర్లు కొత్తవి ఉండాలి. ముందు చుక్కల వెల్డింగ్‌తో నిలబెట్టి, నలుగురిని ఎక్కించి, వెనక ఆక్సిల్‌కి పైపు తగలడం లేదని చూశాకే పూర్తి వెల్డింగ్ చేయించండి.

ఇంజిన్ స్టార్ట్ చేసి, దట్టమైన తడిగుడ్డతో ఒక్క క్షణం మూతి నొక్కండి. ఎక్కడ లీకు ఉంటే అక్కడ బుస్సుమంటుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపమంటే కూడా మొదట లీకునే అనుమానించండి.

పొగకి దారి సాఫీ అయ్యాక ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, పెట్రోల్ మిక్చర్ పలచబడవచ్చు, అంటే పెట్రోల్ పాలు తగ్గవచ్చు. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కించి, పైన ఆపి, ఇంజిన్ చల్లారాక స్పార్క్ ప్లగ్గు తీసి చూడండి. లేత ఇటుక రంగు ఉంటే సరే, తెల్లగా ఉంటే కార్బురేటర్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం) ఒక సైజు పెంచాలి. ఆ తర్వాతే పొల్యూషన్ టెస్టుకి వెళ్లండి. ఇలాంటి పాతకాలపు పెట్రోల్ కార్లకి కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3 శాతం.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం ప్రకారం చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. మోత, పొగ హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద జరిమానా 10,000 రూపాయల దాకా ఉంటుంది. బీచ్ రోడ్డు మీద పోలీసులు బైకుల సైలెన్సర్లను రోడ్ రోలర్‌తో తొక్కించిన ఊరు మనది. ఇంజిన్ మార్పు ఆర్సీలో లేకపోతే ముందు ఆ పని చూసుకోండి.

చివరి పరీక్ష మా అమ్మదే. ఆమెను గేటు దగ్గర అటు తిరిగి నిలబడమని, వీధి చివర నుంచి బండి నడుపుకుంటూ వచ్చాను. వెనక్కి తిరగకుండానే గేటు తీసింది.

500 కిలోమీటర్లు తిరిగాక క్లాంపులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి. బండి దగ్గర దగ్గర దూరాలే తిరుగుతుంటే డ్రమ్ములో నీరు చేరుతుంది. కింది అంచున 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయిస్తే ఆ నీరు కారిపోతుంది.