జుట్టు నూనె తాగట్లేదా? లో పొరాసిటీ జుట్టుకి ఇంట్లో నూనె కాచేటప్పుడు ఎక్కడ తప్పుతున్నామంటే

మా ఇంట్లో నూనె కాచేది మా అవ్వే. ఒకే బాండలి, ఒకే సీసా, ఇంటిల్లిపాదికీ అదే నూనె. మా అక్క తలకి పెడితే పొద్దునకల్లా జడ నల్లగా నిగనిగలాడేది, నాకు పెడితే మాత్రం ఆదివారం పెట్టింది మంగళవారం దాకా దిండు గలీబు మీద కనపడేది. "నీ ఎంటికలు మొండివి మే, నూనె తాగవు" అని తిట్టి ఇంకో గరిటెడు పోసేది. ఆ ఇంకో గరిటెడే అసలు తప్పు అని నాకు ముప్పై ఏళ్ళొచ్చాక గానీ అర్థం కాలేదు.

వెంట్రుక మీద చేప పొలుసుల మాదిరి సన్నటి పొర ఉంటుంది, దాన్నే క్యూటికల్ అంటారు. కొందరికి ఆ పొలుసులు రవ్వంత లేచి ఉంటాయి, నీళ్ళు నూనె అన్నీ సులభంగా లోపలికి పోతాయి, అంతే సులభంగా బయటికీ వచ్చేస్తాయి, అది హై పొరాసిటీ జుట్టు. మాలాంటోళ్ళకి అవి గట్టిగా అణిగి ఉంటాయి, కొత్తగా పెంకులు నేసిన ఇంటి కప్పు మాదిరి, ఏం పోసినా జారిపోతుంది, దీన్నే లో పొరాసిటీ జుట్టు అంటారు. ఇది జబ్బు కాదు, చెప్పాలంటే దెబ్బ తినని జుట్టు అని అర్థం. కాబట్టి జుట్టుని మార్చాలని చూడకండి, నూనెని మార్చుకోండి.

మీది ఈ రకమేనా, ముందు అది చూసుకోండి

గ్లాసు నీళ్ళలో వెంట్రుక వేసి తేలితే లో, మునిగితే హై అని వీడియోల్లో చూపిస్తారు కదా, దాన్ని నమ్మొద్దు. వెంట్రుకకి కొంచెం జిడ్డున్నా తేలుతుంది, వేసేటప్పుడు వేలితో కొంచెం నొక్కినా మునుగుతుంది. నేను ఒకే జడలోంచి రెండు వెంట్రుకలు తీసి వేస్తే ఒకటి తేలింది ఒకటి మునిగింది. దానికంటే తలస్నానం చేసి బాగా ఆరిన జుట్టు మీద, నూనె సీరం ఏమీ పెట్టకుండా, స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టి చూడండి. తామరాకు మీద బొట్ల మాదిరి కాసేపు అట్లే నిలబడితే మీది ఈ బాపతే. ఇంకో గుర్తు ఏందంటే తలకి పోసుకునేటప్పుడు జుట్టు పూర్తిగా తడవడానికే మూడు నాలుగు చెంబులు పడతాయి, తడిసినాక ఆరడానికి పూట పడుతుంది. ఇది మాత్రం మే నెలలో చూడకండి, తిరుపతి ఎండకి దుప్పట్లే పది నిమిషాల్లో ఆరిపోతాయి, నవంబరు వానల్లో చూడండి తెలుస్తుంది.

కొండ మీద గుండు కొట్టించుకుని వచ్చినోళ్ళకి కొత్తగా మొలిచే జుట్టు చూడండి, కల్యాణకట్ట నుంచి వచ్చిన రెండు మూడు నెలలకి. ఎండ, రంగు, హెయిర్ డ్రయ్యర్ ఏమీ తగలని కొత్త వెంట్రుక కాబట్టి దాని పొలుసులు చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటాయి. మా పాపకి అప్పుడు నూనె పెడితే అంతా చెవుల వెనక నుంచి కారి గౌను మెడ తడిసేది. అదే పిల్ల జుట్టు నడుము దాకా పెరిగినాక కొసలు మాత్రం బాగా తాగుతాయి, కుదుళ్ళు తాగవు. అంటే ఒకే జడకి రెండు లెక్కలు, కుదుళ్ళకి తక్కువ, కొసలకి జాస్తి. రంగేసుకున్న జుట్టుకీ ఇదే లెక్క.

రెండు రోజులైనా నూనె పైపైనే ఉంది, జడ జిడ్డు తాడు మాదిరి అయిపోతోంది

అందరికీ వచ్చే కష్టం ఇదే, దీనికి కారణాలు మూడు, చాలామంది మూడూ ఒకేసారి చేస్తారు.

మొదటిది ఆముదం. జుట్టు ఒత్తుగా వస్తుందని సగానికి సగం ఆముదం పోసేస్తారు. ఆముదం అంత చిక్కటి నూనె వంటింట్లో ఇంకోటి లేదు, వేలితో ముట్టుకుంటే తెలుస్తుంది, తేనె మాదిరి సాగుతుంది. అది పొలుసుల కింద దూరదు, పైన పూతలా నిలబడిపోతుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. రెండోది ఎండు జుట్టుకి పెట్టడం. మూడోది కొలత లేకపోవడం, అవ్వ గరిటె.

నేను ఇప్పుడు కలిపే లెక్క చెప్తా, 100 మిల్లీలీటర్లకి నువ్వుల నూనె 70, టెంకాయ నూనె 25, ఆముదం 5, అంటే ఆముదం ఒక్క టీస్పూనే. నువ్వుల నూనె బదులు పొద్దుతిరుగుడు నూనె ఇంకా పలచగా ఉంటుంది గానీ తొందరగా పాడవుతుంది, నువ్వుల నూనెలో దాన్ని పాడవకుండా కాపాడే గుణం సహజంగానే ఉంటుంది, అందుకే నా ఓటు దానికే. బాదం నూనె కూడా బాగుంటుంది, ధర చూసుకోండి మరి. గానుగ నూనె తెచ్చుకుంటే వెంటనే వాడకుండా రెండు మూడు రోజులు కదపకుండా పెట్టి, అడుగున మడ్డి దిగినాక పైన తేట మాత్రం ఒంపుకోండి. ఆ మడ్డి తలలో పడితే చుండ్రు వచ్చిందేమో అనుకుంటారు.

పెట్టే పద్ధతి ఏందంటే, వేన్నీళ్ళలో తువాలు ముంచి గట్టిగా పిండి తలకి ఐదు నిమిషాలు చుట్టుకోండి. వేడికి, తడికి పొలుసులు కొంచెం సడలుతాయి. తర్వాత నూనె గిన్నెని వేన్నీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేసి, నడుము దాకా జుట్టున్నా సరే రెండు టీస్పూన్లు మించకుండా అరచేతిలో పోసుకుని రెండు చేతులూ రుద్దండి. చేతులు మెరవాలి, కారకూడదు. ఆ చేతులతో జుట్టుని పాయలు పాయలుగా తీసి మధ్య నుంచి కొసల దాకా తుడిచినట్టు లాగండి, కుదుళ్ళకి చివర్లో వేళ్ళకి మిగిలిందే చాలు. మళ్ళీ వెచ్చటి తువాలు చుట్టి ఇరవై నిమిషాలు. రాత్రంతా ఉంచాల్సిన పనే లేదు, ఈ జుట్టు ఇరవై నిమిషాల్లో తాగనిది తెల్లారేదాకా ఉంచినా పెద్దగా తాగదు, గలీబు తాగుతుంది.

నూనెని పొయ్యి మీద నేరుగా వేడి చేసి తలకి పెట్టొద్దు, ముందు మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూడండి.

రెండుసార్లు షాంపూ పెట్టినా జిడ్డు పోలేదు

ఈడ సగం తప్పు నూనెది కాదు, నీళ్ళది. కార్పొరేషన్ నీళ్ళు కల్యాణి డ్యామ్ నుంచో తెలుగుగంగ నుంచో వస్తాయి, అవి పర్లేదు. చాలా అపార్ట్‌మెంట్లలో మాత్రం బోరు నీళ్ళు కలుస్తాయి, కొన్ని చోట్ల బకెట్ అంచుకి తెల్లటి గార కట్టేస్తుంది చూడండి, ఆ గార జుట్టు మీదా కడుతుంది. అసలే తాగని జుట్టు, దాని మీద గార, దాని మీద నూనె, ఇంక ఏం పోతుంది. కొందరు తలకి కూడా ఒంటి సబ్బే రుద్దేస్తారు, బోరు నీళ్ళలో సబ్బు విరిగి తెల్లగా పేరుకుంటుంది, అది ఇంకా ఘోరం.

జుట్టు తడపకముందే నూనె మీద కొంచెం కండిషనర్ రాసి ఐదు నిమిషాలు ఆగండి, తర్వాత షాంపూని మగ్గు నీళ్ళలో కలిపి పలచగా పోసుకోండి, చాలా తేడా తెలుస్తుంది. కుంకుడుకాయ వాడేటోళ్ళు రసాన్ని పలచటి గుడ్డలో వడగట్టుకోండి, లేదంటే పిప్పి పాయల మధ్యలో ఇరుక్కుని దువ్వెనకి వస్తూనే ఉంటుంది. నెలకోసారి క్లారిఫయింగ్ షాంపూ, అంటే పేరుకున్నదాన్ని గట్టిగా వదలగొట్టే షాంపూ పెట్టండి, బోరు నీళ్ళ ఇల్లయితే సీసా వెనక ఈడీటీఏ అని రాసుందో లేదో చూసి కొనుక్కోండి, గార వదలడానికి పనికొచ్చేది అదే. చివరి మగ్గు మాత్రం తాగే నీళ్ళు పోసుకోండి.

వంటసోడా పెడితే పొలుసులు తెరుచుకుంటాయని ఎవరన్నా చెప్తే వినకండి. తెరుచుకుంటాయి నిజమే, గరుకెక్కి చిక్కులు పడి తెగిపోవడానికే తెరుచుకుంటాయి.

పది రోజులకే నూనె ముక్కిపోయిన వాసన, అడుగున తెల్లగా ఏదో

ఆకుల్లో నీళ్ళు మిగిలిపోయాయి, అంతే. కరేపాకు, మందారాకు, గుంటగలగరాకు కడిగి తడితోనే నూనెలో వేస్తే నూనె అడుగున నీళ్ళు నిలుస్తాయి, అక్కడే బూజు పుడుతుంది. పైన నూనె ఎంత తేటగా కనిపించినా ఆ సీసా పారేయాల్సిందే, మళ్ళీ కాస్తే సరిపోతుంది అనుకోవద్దు, నేను ఒకసారి అట్లా చేసి వారం రోజులు తల గోక్కున్నా.

పచ్చి ఆకులతో కాచాలంటే కడిగి గుడ్డ మీద ఆరేసి, సన్న సెగ మీద నేరుగా బాండలిలోనే కాచండి. మొదట చిటపట గట్టిగా ఉంటుంది, అది ఆకులోని నీళ్ళు పోతున్న చప్పుడు, బుడగలు పెద్దపెద్దగా వస్తాయి. కాసేపటికి బుడగలు చిన్నవై నురుగు తగ్గి చప్పుడు సన్నబడుతుంది. ఆకు గరిటెతో తీసి చల్లారినాక వేళ్ళతో నలిపితే అప్పడం మాదిరి పెళపెళమని విరగాలి. మెత్తగా వంగిందంటే ఇంకా నీళ్ళున్నట్టే. ఫోన్ మాట్లాడుతూ కాచొద్దు, చెవి బాండలి దగ్గరుండాలి.

నీడలో బాగా ఎండబెట్టిన ఆకులైతే వేరే పద్ధతి. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగనిచ్చి దాంట్లో నూనె గిన్నె పెట్టి గంటసేపు వదిలేయండి, మాడే భయం లేదు. ఈ రెండూ తారుమారు చేసేటోళ్ళే జాస్తి. పచ్చి ఆకులు నీళ్ళ గిన్నె పద్ధతిలో పెడితే నూనె అంత వేడెక్కదు కాబట్టి నీళ్ళు పోవు, ఎండు ఆకులు నేరుగా మంట మీద పెడితే మాడిపోతాయి.

సీసా గాజుది, కడిగి ఎండలో ఆరబెట్టింది, లోపల ఒక్క చుక్క తడి లేనిది. ఒకసారికి 100 లేదా 200 మిల్లీలీటర్లు చాలు. లీటరు కాచి ఊరంతా పంచితే పంచండి, దాచుకోకండి.

నూనె నల్లబడింది, మాడు వాసన

మంట ఎక్కువైంది. వాసన పట్టేసిన నూనెని బాగుచేయలేం. నల్లగా ఉంటే మందు బాగా దిగిందని అనుకుంటారు, గుంటగలగరాకుతో కాస్తే ముదురు ఆకుపచ్చ రావాలి, బొగ్గు రంగు కాదు.

మందారం వేశాను కానీ జుట్టు మెత్తబడలేదు

మందారాకు జిగురు నీళ్ళలో వస్తుంది, నూనెలో దిగదు. మెత్తదనం కావాలంటే పది ఆకులు మగ్గు నీళ్ళలో పిసికి ఆ జిగురు వడగట్టి తలకి పోసుకునే రోజు వాడండి, నూనెలో వేయడం దండగ.

టెంకాయ నూనె పెడితే చీపురు మాదిరి బిరుసెక్కుతోంది

ఇది చెప్తే మా వాళ్ళు ఎవరూ నమ్మరు, టెంకాయ నూనె పడకపోవడం ఏంది అంటారు. టెంకాయ నూనెలో సగం దాకా లారిక్ యాసిడ్ ఉంటుంది, దాని అణువు చిన్నది, తిన్నగా ఉంటుంది, కాబట్టి వెంట్రుక లోపలికి పోగలిగే నూనెల్లో అది ముందుంటుంది, వెంట్రుకలోని ప్రొటీన్ కోల్పోకుండా కాపాడుతుంది. దెబ్బతిన్న జుట్టుకి అది వరమే, మనలాంటోళ్ళలో కొందరికి మాత్రం అదే బిరుసుగా అనిపిస్తుంది, అందరికీ కాదు. నెల రోజులు టెంకాయ నూనె పూర్తిగా మానేసి నువ్వుల నూనె ఒక్కటే వాడి చూడండి. అదే నెలలో గుడ్డు ప్యాకులు, గోరింటాకు కూడా ఆపండి. గోరింటాకు రంగు వెంట్రుకకే పట్టుకుని పైన ఇంకో పూత వేస్తుంది, ఇవి ఆపకపోతే ఏది ఎక్కువై బిరుసెక్కిందో తేలదు.

చలికాలంలో సీసాలో గడ్డ కడితే కంగారు పడకండి, టెంకాయ నూనె 24 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది, మదనపల్లి వైపు డిసెంబరులో పొద్దున చెంచాతో తవ్వుకోవాల్సిందే. వేన్నీళ్ళలో పెడితే కరుగుతుంది, పాడైనట్టు కాదు.

నుదుటి మీద పొక్కులు, తల దురద, చుండ్రు

పొక్కులు వస్తే నూనె కుదుళ్ళకి పెట్టడం ఆపండి, కొసలకి మాత్రం పెట్టుకోండి, రాత్రి పెట్టుకుని పడుకోవద్దు. చుండ్రు మీద నూనె పోయడం మన ఇళ్ళల్లో పాత అలవాటు, కానీ చుండ్రుకి కారణమయ్యే ఈస్ట్ తినేదే నూనె, పోసేకొద్దీ పెరుగుతుంది. కీటోకొనజోల్ షాంపూ మెడికల్ షాపులో దొరుకుతుంది, దానికీ తగ్గకపోతే చర్మం డాక్టర్ దగ్గరికి పోండి.

రోజ్‌మేరీ, పెప్పర్‌మింట్ లాంటి ఎసెన్షియల్ ఆయిల్ కలిపేటోళ్ళు 100 మిల్లీలీటర్లకి 20 చుక్కలు దాటొద్దు, అది కూడా నూనె చల్లారినాకే. ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగి చూడండి. ఇంకొకటి, మా వైపు వాసనకని నూనెలో కర్పూరం వేసే అలవాటుంది, చిన్నపిల్లల నూనెలో మాత్రం వద్దు, చర్మం లోంచే ఒంట్లోకి పోయి ఫిట్స్ వచ్చే ప్రమాదముంది.

నెలకే జుట్టు పెరుగుతుందన్నారు, పెరగలేదు

ఎవరి జుట్టయినా నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, నూనె దాన్ని రెండు చేయదు. తెగకుండా చూస్తుంది, కాబట్టి పొడుగు నిలబడుతుంది, అంతవరకే దాని పని.

ఇంక వడగట్టినాక మిగిలిన పిప్పి, మాడకపోతే పారేయకండి, మడమల పగుళ్ళకి రుద్దుకోండి. బాత్రూంలో మాత్రం కాదు, మా అవ్వ ఒకసారి అట్లనే జారింది, మూడు వారాలు మంచం మీద కూర్చుని మా అందరి చేతా నూనె కాపించింది.