చెక్కు పాఠాలు – 4: పేరులో ఒక అక్షరం తేడా వస్తే

పోయిన పాఠంలో చెక్కు మీద రెండు అడ్డగీతలు గీసి 'అకౌంట్ పేయీ' అని రాయడం నేర్చుకున్నాం. అలా రాసిన చెక్కు సొమ్మును అందులో పేరున్న వాళ్ల ఖాతాలోనే వేయాలి, ఇంకొకరి ఖాతాలో వేయకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. మరి ఆ పేరే కాస్త అటూ ఇటూ అయితే?

మా అత్తయ్య పాస్‌బుక్కులో లక్ష్మికి కె, ఎస్, హెచ్ ఉన్నాయి. చిట్టీ డబ్బుకు వచ్చిన చెక్కులో వాటి బదులు ఎక్స్ ఉంది. ఇంటిపేరు కూడా పొడి అక్షరమైపోయింది. ఆవిడకు రాత్రంతా టెన్షన్. మర్నాడు కౌంటర్‌లో ఆధార్ చూసి తీసుకున్నారు.

ఎందుకు తీసుకున్నారో తెలిస్తే మిగతాదంతా సులువు. బ్యాంకు చూసేది స్పెల్లింగ్ కాదు, ఇది ఇంకో మనిషి పేరయ్యే అవకాశం ఉందా అని. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 131వ సెక్షన్ ప్రకారం, సొమ్ము తప్పు మనిషికి చేరినా, నిజాయితీగా, నిర్లక్ష్యం లేకుండా వసూలు చేసిన బ్యాంకుకే ఆ బాధ్యత నుంచి రక్షణ ఉంటుంది. లక్ష్మి ఎలా రాసినా లక్ష్మే. వెంకటరావు, వెంకటరమణ అలా కాదు. ఒకే ఇంటిపేరుతో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండొచ్చు. అలాంటి చోట ఆపడమే న్యాయం.

షాపు పేరున వచ్చిన చెక్కు, యజమాని మీరే అయినా, మీ సేవింగ్స్ ఖాతాలో పడదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే ముందు ఖాతాలో పేరు మార్పించుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పెన్నుతో పేరు దిద్దకండి. ఇప్పుడు బ్యాంకుల మధ్య తిరిగేది చెక్కు ఫొటోయే. ఈ పద్ధతిలో 2010 డిసెంబరు 1 నుంచి తేదీ పొడిగింపు తప్ప వేరే దిద్దుబాటు ఉంటే చెక్కు చెల్లదు. ఇచ్చినాయన పక్కన సంతకం పెట్టినా అంతే. కొత్త చెక్కు అడగాల్సిందే, అదీ ఆలస్యం చేయకుండా. చెక్కు గడువు దాని మీది తేదీ నుంచి 3 నెలలే.

తేడా ఉన్న చెక్కును డ్రాప్ బాక్సులో వేయకండి. కౌంటర్‌కు పట్టుకెళ్లి, తేడా మీరే చూపించి, వేయొచ్చా అని అడగండి. తీసుకోవాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. స్లిప్పు మీద పేరు పాస్‌బుక్కులో ఉన్నట్టే రాయండి. చెక్కు వెనక ఖాతా నంబరు, ఫోన్ నంబరు వేయండి.

ఈ వారం అభ్యాసం: పాస్‌బుక్కు తెరిచి, అందులో మీ పేరు ఇంగ్లీషులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఇకపై ఎవరు చెక్కు రాసిస్తున్నా, వాళ్లు పెన్ను తీయగానే ఆ చీటీ ముందు పెట్టండి.