టైప్ 1 షుగర్ ఉన్న బిడ్డతో ఆస్ట్రేలియా వస్తున్నారా? మొదటి రెండు నెలలు ఇలా గట్టెక్కండి

మా పాపకి ఐదో ఏట టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వని రకం) బయటపడింది, ఏడో ఏట హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ వచ్చేశాం. ఇక్కడ పిల్లల షుగర్‌కి వైద్యం చాలా బాగుంటుంది. కాకపోతే అది మన చేతికి అందేలోపు కొన్ని వారాలు గడిచిపోతాయి, అవే గండం. అక్కడి డాక్టర్ గారు దూరమైపోయారు, ఇక్కడి డాక్టర్ ఇంకా దొరకలేదు, ఇన్సులిన్ మాత్రం రోజుకి నాలుగుసార్లు కావాలి. ఆ వారాలు దాటడానికి ఏమేం చేయాలో, మేము ఏవి ఆలస్యంగా తెలుసుకున్నామో అవన్నీ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మీ వీసా నంబరు చూసుకోండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. 189, 190 లాంటి పీఆర్ (శాశ్వత నివాస వీసా) మీద వస్తే దిగిన రోజు నుంచే మెడికేర్‌కి, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాకి, అప్లై చేసుకోవచ్చు. 491, 494 రీజినల్ వీసాలు తాత్కాలికమే అయినా వాటికి కూడా మెడికేర్ ఉంది, ఇది తెలియక ప్రైవేటు ఇన్సూరెన్స్ కట్టుకుంటూ కూర్చున్నవాళ్లని చూశాను. 482 వర్క్ వీసా, 500 స్టూడెంట్ వీసా మీద ఇండియా నుంచి వచ్చేవాళ్లకి లేదు. బ్రిటన్ లాంటి కొన్ని దేశాలతో ఆస్ట్రేలియాకి వైద్య ఒప్పందం ఉంది, మనతో లేదు. కాబట్టి ప్రైవేటు ఇన్సూరెన్స్ తీసుకోవాలి, అందులో ముందు నుంచీ ఉన్న జబ్బుకి ఆస్పత్రి ఖర్చుల మీద 12 నెలల వెయిటింగ్ పీరియడ్ పెడతారు, ఆ ఏడాదిలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) పెరిగి పిల్లని అడ్మిట్ చేయాల్సి వస్తే బిల్లు మన మీదే పడవచ్చు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే ఈ సంగతి కంపెనీ హెచ్ఆర్‌తో మాట్లాడండి, ఆ వెయిటింగ్ పీరియడ్ తీసేసే పాలసీ ఏమైనా ఉందేమో అడగండి. 482 మీద ఉన్నవాళ్లు ఇక్కడి నుంచే 186 పీఆర్‌కి అప్లై చేస్తే, గ్రాంట్ రాకముందే నీలం రంగు తాత్కాలిక మెడికేర్ కార్డు తీసుకోవచ్చు.

వీసా మెడికల్స్‌లో జబ్బు దాచమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. పిల్ల వైద్యానికి ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతుందో ఇమ్మిగ్రేషన్ వాళ్ల మెడికల్ ఆఫీసర్ లెక్క వేస్తారు, 2024 జులై నుంచి ఆ హద్దు 86,000 డాలర్లు. లెక్క దాటితే ఒక్కరి వల్ల కుటుంబం మొత్తానికి పీఆర్ ఆగిపోవచ్చు. 189, 190 పాయింట్ల వీసాలకి మినహాయింపు అడిగే దారి లేదు, 482 లాంటి కొన్నిటికి ఉంది. ఏ వీసాకి వేయాలో నిర్ణయించుకునేటప్పుడే, ఫీజు కట్టకముందే, రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌కి పిల్ల రిపోర్టులు చూపించండి.

ఇక బయల్దేరే ముందు సర్దుకోవాల్సినవి. మందులు మూడు నెలలకి సరిపడా తెచ్చుకోవచ్చు, దానికి ప్రిస్క్రిప్షనో డాక్టర్ లెటరో ఇంగ్లిష్‌లో ఉండాలి. మేము మూడు నెలలకీ నిండుగా తెచ్చుకున్నాం, చివరి ఇన్సులిన్ పెన్ను దాకా వాడాం. డబ్బాలు విప్పకుండా, మెడికల్ షాపు లేబుల్‌తో అలాగే తీసుకురండి, విమానంలో ఇచ్చే కార్డులో మందులున్నాయా అన్న చోట అవును అని టిక్ చేయండి. ఇన్సులిన్ మొత్తం చేతి సంచిలోనే పెట్టుకోండి, కింద లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు. మెల్‌బోర్న్ టైము మనకంటే నాలుగున్నర గంటలు, ఇక్కడి వేసవిలో అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి రోజుకొకసారి వేసే ఇన్సులిన్‌ని ఏ రోజు ఎన్ని గంటలకి జరపాలో మీ డాక్టర్ గారితోనే కాగితం మీద రాయించుకోండి.

లెటర్‌లో పిల్లకి షుగర్ ఎప్పుడు బయటపడింది, ఇప్పుడు వాడుతున్న డోసులు, ఒక యూనిట్‌కి ఎన్ని గ్రాముల కార్బ్స్ (పిండి పదార్థాలు), గత ఏడాది హెచ్‌బీఏ1సీలు (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష), థైరాయిడ్, సీలియాక్ (గోధుమ పడని జబ్బు) పరీక్షలు, కంటి పరీక్ష, ఎప్పుడైనా డీకేఏతో (కీటోన్లు ప్రమాదకరంగా పెరిగిపోవడం) అడ్మిట్ అయితే ఆ డిశ్చార్జ్ సమ్మరీ, ఇవన్నీ ఉండాలి. ఇన్సులిన్ పేరు బ్రాండ్‌తో మాత్రమే రాయించుకుంటే ఉపయోగం లేదు, మన దగ్గర దొరికే కొన్ని బ్రాండ్లు ఇక్కడ ఉండవు. గ్లార్జిన్, అస్పార్ట్, లిస్ప్రో అని అసలు మందు పేరు రాయించండి.

ఈ రెండు విషయాలు జాగ్రత్తగా చదవండి, ప్రాణం మీదకి వచ్చేవి ఇవే. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకి 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. ఇక్కడ ఇన్సులిన్ 100 యూనిట్లది. పాత 40 సిరంజితో ఇక్కడి ఇన్సులిన్ అదే గీత దాకా లాగితే రెండున్నర రెట్లు డోసు పడుతుంది. సీసాలు వాడేవాళ్లయితే ఆ సిరంజిలు ఇంటి దగ్గరే వదిలేసి రండి, వీలైతే రాకముందే పెన్నుకి మారండి. రెండోది లెక్క. మనం షుగర్ 180, 250 అంటాం, వీళ్లు 10, 13.9 అంటారు. మన అంకెని 18తో భాగిస్తే వీళ్ల అంకె వస్తుంది, అంటే మన 70 వీళ్లకి 3.9. మొదటి వారం నర్సు ఫోన్‌లో "పదిహేను ఉందా?" అని అడిగితే నాకు గుండె ఆగినంత పనైంది. మీటర్‌ని ఇక్కడి లెక్కకి మార్చే దాకా ఫ్రిజ్ మీద రెండు వరుసల్లో అంకెలు రాసి అంటించుకున్నాను, పిల్లని చూసుకునే వాళ్లందరూ అదే చూసేవాళ్లు.

దిగిన మొదటి వారంలోనే జీపీని, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్‌ని, కలవండి. ఇల్లు కుదిరాక, స్కూలు కుదిరాక వెళ్దాం అనుకోవద్దు. హైదరాబాద్‌లో అయితే నేరుగా ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికే వెళ్లి టోకెన్ తీసుకుంటాం, రాత్రి పదకొండింటికి కూడా డాక్టర్ గారికి వాట్సాప్ పెడతాం. ఇక్కడ అన్ని తలుపులూ జీపీ దగ్గరి నుంచే తెరుచుకుంటాయి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు మామూలు పది నిమిషాలది కాకుండా లాంగ్ అపాయింట్‌మెంట్ కావాలని, పిల్లలకి బల్క్ బిల్లింగ్ ఉందా అని అడగండి. ఉంటే మెడికేర్ కార్డు చూపిస్తే చాలు, చేతి నుంచి ఏమీ కట్టక్కర్లేదు. లోపలికి వెళ్లాక అడగాల్సినవి ఇవి: పిల్లల ఆస్పత్రి డయాబెటిస్ క్లినిక్‌కి రెఫరల్ (పంపిస్తూ రాసే లెటర్), ఇన్సులిన్ ప్రిస్క్రిప్షన్, ఎన్‌డీఎస్ఎస్ (ఈ పథకం గురించి కింద చెప్తాను) ఫారం మీద సంతకం, మన టీకాల కార్డు చూసి వాటిని ఇక్కడి రిజిస్టర్‌లో ఎక్కించడం. టీకాల రికార్డు స్కూల్లో చేర్చేటప్పుడు అడుగుతారు.

రెఫరల్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. జీపీ రాసిచ్చేది మామూలుగా 12 నెలలు చెల్లుతుంది, ఎప్పటికీ పోని జబ్బు కాబట్టి గడువు లేకుండా రాయమని అడగవచ్చు. మెల్‌బోర్న్‌లో అయితే పార్క్‌విల్‌లో రాయల్ చిల్డ్రన్స్, క్లేటన్‌లో మొనాష్ చిల్డ్రన్స్, సిడ్నీలో వెస్ట్‌మీడ్ పిల్లల ఆస్పత్రి, మీ ఇల్లు ఎటువైపో చూసి రాయించుకోండి. లెటర్‌లో "కొత్తగా దేశం వచ్చారు, ఇన్సులిన్ మీద ఉంది, ఇక్కడ ఇంకా ఏ టీమూ చూడట్లేదు" అన్న మూడు ముక్కలు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఆ లెటర్ చూశాకే ఆస్పత్రివాళ్లు ఎవరు ముందు, ఎవరు వెనక అని నిర్ణయిస్తారు. మేము మొదట వెళ్లిన క్లినిక్‌లో రెఫరల్ పంపేశామన్నారు, మేము నమ్మి నాలుగు వారాలు ఫోన్ కోసం ఎదురు చూశాం, చివరికి ఆస్పత్రికి ఫోన్ చేస్తే అసలు అందనే లేదని తెలిసింది. ఆ రాత్రి మిగిలిన పెన్నులు లెక్కపెట్టుకుంటూ ఏడ్చాను. మీరు వారానికల్లా ఫోన్ చేసి, అందిందా, ఏ కేటగిరీలో పెట్టారు అని అడగండి. మొహమాటం వద్దు, ఇక్కడ అలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

ఈలోపు పిల్లకి వాంతులై కీటోన్లు పెరిగితే అపాయింట్‌మెంట్ కోసం, రెఫరల్ కోసం ఆగొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఎమర్జెన్సీకి రెఫరల్ అక్కర్లేదు.

ఎన్‌డీఎస్ఎస్ అంటే షుగర్ ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే పథకం, మెడికేర్ ఉన్నవాళ్లు ఉచితంగా చేరవచ్చు. ఫారం మీద డాక్టరో డయాబెటిస్ ఎడ్యుకేటరో సంతకం పెడితే చాలు. స్ట్రిప్పులు, పెన్ను సూదులు, పంపు (ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ ఎక్కించే పరికరం) సామాన్లు దీని కింద దగ్గర్లోని ఫార్మసీలోనే దొరుకుతాయి. అన్నిటికంటే పెద్ద ఊరట సెన్సర్ (చర్మానికి అంటించుకుంటే షుగర్ ఎప్పటికప్పుడు చూపించేది), 21 ఏళ్లలోపు టైప్ 1 పిల్లలకి పూర్తిగా ఉచితం. హైదరాబాద్‌లో రెండు వారాలకి ఒక సెన్సర్ కొనడానికే ఆలోచించేవాళ్లం, ఇక్కడ అర్ధరాత్రి షుగర్ పడిపోతుంటే ఫోన్ మోగుతుంది, నేను లేచి జ్యూస్ పడతాను. హెల్ప్‌లైన్ 1800 637 700. ఇన్సులిన్ మాత్రం పీబీఎస్ (మందుల ధర తగ్గించే ప్రభుత్వ పథకం) కింద వస్తుంది, 2026 జనవరి నుంచి ఒక ప్రిస్క్రిప్షన్‌కి ఎక్కువలో ఎక్కువ 25 డాలర్లు కడతాం. పంపు కావాలంటే ప్రైవేటు ఇన్సూరెన్స్‌లో గోల్డ్ పాలసీ తీసుకుని 12 నెలలు ఆగడం ఒక దారి, ఆదాయం తక్కువున్న కుటుంబాలకి ప్రభుత్వ సాయంతో నడిచే పంపు పథకం ఇంకో దారి. టీమ్ కుదిరాక వాళ్లనే అడగండి.

డైటీషియన్‌కి రొట్టె, పాస్తా లెక్కలు కొట్టిన పిండి, మన ఇడ్లీ ఎంత సైజో తెలియదు. ఒక చిన్న వంటింటి తూకం కొని మీ ఇంటి ఇడ్లీ, దోసె, పులిహోర మీరే తూచి రాసుకుని తీసుకెళ్లండి. ఉడికిన అన్నం 100 గ్రాములకి దాదాపు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. కొన్న సరుకులకి ప్యాకెట్ వెనకే కార్బ్స్ అచ్చువేసి ఉంటాయి.

స్కూలుకి ఆస్పత్రి టీమ్ రాసిచ్చే యాక్షన్ ప్లాన్, మేనేజ్‌మెంట్ ప్లాన్ ఇవ్వాలి. టీచర్లకి షుగర్ గురించి నేర్పడానికి ప్రభుత్వ కార్యక్రమం ఉంది, దాని కింద ట్రైనింగ్ తీసుకోమని ప్రిన్సిపాల్‌ని అడగండి. ఆస్పత్రి అపాయింట్‌మెంట్ ఇంకా రాకపోతే జీపీతో ఒక పేజీ రాయించి ఇవ్వండి, అది లేకుండా మొదటి రోజు పంపొద్దు. క్లాసులో ఒక డబ్బా ఉంచండి, జ్యూసు, జెల్లీ బీన్స్, మీటర్, మీ ఫోన్ నంబర్‌తో.

కేరర్ అలవెన్స్ అని, జబ్బున్నవాళ్లని చూసుకునేవాళ్లకి సెంటర్‌లింక్ (ప్రభుత్వ సాయం చూసే ఆఫీసు) ఇచ్చేది ఒకటుంది, కొత్తగా పీఆర్ వచ్చినవాళ్లు మామూలుగా ఏడాది ఆగాలి. ఆ తారీఖు ఫోన్‌లో పెట్టుకుని, ఆ రోజు అప్లై చేయండి.

ఆంబులెన్స్ ఖర్చు మెడికేర్ ఇవ్వదు. విక్టోరియాలో ఒకసారి పిలిస్తే వెయ్యి డాలర్లు దాటుతుంది, ఆంబులెన్స్ విక్టోరియా మెంబర్‌షిప్ కుటుంబం మొత్తానికి అందులో చిన్న ముక్క. వచ్చిన వారంలోనే కట్టేయండి. క్వీన్స్‌లాండ్‌లో ఉండేవాళ్లకి ఉచితమే.

ఇంకొకటి, ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చి పిల్లల్ని చూసుకునే ఇళ్లు మనవి. మా అమ్మ వచ్చిన కొత్తలో పాపకి షుగర్ పడిపోయి నేను జ్యూస్ తాగిస్తుంటే, "షుగరున్న పిల్లకి తీపి పడతావేంటే?" అని గ్లాసు లాక్కోబోయింది. తాతయ్యకున్న షుగరూ దీనిదీ ఒకటే అనుకుంది పాపం. నేనెంత చెప్పినా నమ్మలేదు. తర్వాత అపాయింట్‌మెంట్‌కి అమ్మని తీసుకెళ్లి తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని అడిగాను, ఎడ్యుకేటర్ చెప్పిందంతా ఆయన ఫోన్‌లో తెలుగులో చెప్పారు, "అమ్మా, చెమటలు పట్టి వణుకుతుంటే ముందు తీపి పట్టాలి, తర్వాతే మీ అమ్మాయికి ఫోన్" అని. అప్పుడు నమ్మింది. ఈ ఇంటర్‌ప్రిటర్ సేవ నంబరు 131 450, మీరు కట్టేదేమీ లేదు.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద అమ్మ చేతిరాతతో ఒక కాగితం ఉంది. పైన ఇంటి అడ్రస్ తెలుగు అక్షరాల్లో, దాని కింద: "000 నొక్కాలి. ఆంబులెన్స్ అనాలి. పెట్టెయ్యకూడదు. తెలుగు అనాలి. టైప్ వన్ డయాబెటిస్ అనాలి."