విమాన కర్మాగారంలో నాణ్యత సడలినప్పుడు: బోయింగ్ అనుభవం ఆధారంగా సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

2024 జనవరి 5న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 1282 విమానం ఇంకా పైకి ఎక్కుతుండగానే, ఎడమవైపు వాడకంలో లేని తలుపు స్థానాన్ని మూసి ఉంచే డోర్ ప్లగ్ ఊడిపోయింది. దానిని ఆనుకుని ఉన్న సీట్లలో ఎవరూ కూర్చోకపోవడం వల్ల 177 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ బోయింగ్ 737 మ్యాక్స్ 9 విమానం ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. 2018, 2019 సంవత్సరాల్లో రెండు మ్యాక్స్ 8 విమానాలు కూలి 346 మంది మరణించిన తరువాత, సంస్థ తన పద్ధతులను సరిదిద్దుకుంటున్నానని ప్రకటించిన కాలంలోనే ఇది జరిగింది. ఆ రెండు ప్రమాదాల మూలం ఎంకాస్ అనే నియంత్రణ వ్యవస్థ రూపకల్పనలో ఉంది. డోర్ ప్లగ్ లోపం మాత్రం కర్మాగారంలో పుట్టింది. నాణ్యత విభాగాలలోనూ ఉత్పత్తి పర్యవేక్షణలోనూ పనిచేసేవారి కోసం రాసిన ఈ వ్యాసం రెండవ రకం లోపానికే పరిమితం.

సమస్య 1: పని జరిగింది, కానీ రికార్డు లేదు

లక్షణం ఇలా కనిపిస్తుంది. ఒక భాగాన్ని విప్పి మళ్లీ బిగించినట్టు ఆనవాళ్లు ఉంటాయి, అయితే ఎవరు విప్పారు, ఎవరు బిగించారు, ఎవరు తనిఖీ చేశారు అన్న ప్రశ్నలకు ఏ పత్రమూ జవాబు చెప్పదు.

అలాస్కా విమానంలో జరిగింది సరిగ్గా ఇదే. విమానం మొండెం, అంటే ప్రయాణికులు కూర్చునే గొట్టం లాంటి ప్రధాన భాగం, కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో స్పిరిట్ ఏరోసిస్టమ్స్ కర్మాగారంలో తయారై, 2023 ఆగస్టు చివరలో వాషింగ్టన్ రాష్ట్రంలోని రెంటన్‌లో ఉన్న బోయింగ్ అసెంబ్లీ లైన్‌కు చేరింది. ప్లగ్ పక్కన లోహపు భాగాలను కలిపి ఉంచే కొన్ని రివెట్లు దెబ్బతిని ఉన్నట్టు అక్కడ గుర్తించి నమోదు చేశారు. ఆ రివెట్లను మార్చాలంటే ప్లగ్‌ను తెరవక తప్పదు. రివెట్ల పనికి రికార్డు ఉంది, దాని కోసం ప్లగ్‌ను తెరిచిన పనికి మాత్రం లేదు. తెరిచినట్టు నమోదు కాలేదు కనుక, తిరిగి మూసిన తరువాత చేయవలసిన తనిఖీని ఎవరూ చేయలేదు. ప్లగ్ పైకి జరగకుండా పట్టి ఉంచే నాలుగు బోల్టులు తిరిగి బిగించకుండానే విమానం బయటికి వెళ్లింది.

ఇక్కడ దోషిని వెతకడంతో ఆగిపోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి, అంటే ఎన్‌టీఎస్‌బీ, 2025 జూన్‌లో అందుకు భిన్నమైన నిర్ణయానికి వచ్చింది. భాగాలను విప్పే పద్ధతిని కార్మికులు ప్రతిసారీ సరిగ్గా పాటించగలిగేలా తగిన శిక్షణను, మార్గదర్శకాన్ని, పర్యవేక్షణను బోయింగ్ సమకూర్చలేకపోవడమే ప్రమాదానికి కారణమని తేల్చింది. తలుపుల బృందంలో అలాంటి ప్లగ్‌ను తెరిచిన అనుభవం ఉన్న వ్యక్తి ఆ సమయంలో సెలవులో ఉన్నట్టు కూడా దర్యాప్తులో వెల్లడైంది. అరుదుగా వచ్చే పని ఒక్కరి జ్ఞాపకం మీద నిలిచి ఉన్న చోట, ఆ ఒక్కరు లేని రోజున పద్ధతి కూడా లేనట్టే అవుతుంది. నా దృష్టిలో ఈ దర్యాప్తు నుంచి ప్రతి కర్మాగారమూ ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

పరిష్కారం రికార్డు దగ్గర మొదలు కావాలి. పూర్తయిన పనిని, తనిఖీ దాటిన భాగాన్ని తిరిగి కదిలించవలసి వస్తే, పనిముట్టు చేతిలోకి తీసుకోవడానికి ముందే అధికారిక ఉత్పత్తి రికార్డులో ఒక పని ఉత్తర్వు తెరవాలి. ఆ పని చేసినవారు కాక వేరొక ఇన్‌స్పెక్టర్ సంతకం చేసేదాకా అది మూతపడకూడదు, విమానం అసెంబ్లీ లైన్‌లోని తరువాతి దశకు, అంటే తరువాతి స్టేషన్‌కు, కదలకూడదు. బృందాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సందేశాల వ్యవస్థ ఎంత సౌకర్యంగా ఉన్నా, అది ఉత్పత్తి రికార్డుకు ప్రత్యామ్నాయం కాదని అందరికీ స్పష్టం చేయాలి. “తెరవడం” వేరు, “తొలగించడం” వేరు అనే వాదనకు చోటు లేకుండా, బిగింపును సడలించే ఏ చర్యకైనా ఒకే నియమం వర్తించేలా సూచనలను చిన్నవిగా, సూటిగా తిరిగి రాయాలి. రాసిన వాటిని ఆ పని చేసే మెకానిక్‌ల చేత చదివించి, వారికి అర్థం కాని చోట్లను మార్చిన తరువాతే అమలులో పెట్టాలి.

సమస్య 2: మిగిలిపోయిన పని లైన్ వెంట ముందుకు వెళ్తోంది

ఒక స్టేషన్‌లో పూర్తి కావలసిన పని రెండు మూడు స్టేషన్లు దాటాక జరుగుతూ ఉంటే, మరమ్మతు గంటలు పెరుగుతూ ఉంటే, కారణాన్ని ఆ స్టేషన్ కార్మికులలో వెతకడం వృథా. విడిభాగాలు ఆలస్యంగా రావడం, లోపాలున్న భాగాలను “ఇక్కడికి వచ్చాక సరిచేద్దాం” అని అంగీకరించడం, ఏది ఏమైనా లైన్ కదలాలనే ఒత్తిడి, ఈ మూడూ కలిసినప్పుడు ఈ పరిస్థితి వస్తుంది. వరుస తప్పిన పనిలో విప్పడాలు, మళ్లీ బిగించడాలు ఎక్కువగా ఉంటాయి కనుక మొదటి సమస్యకు ఇదే నేరుగా దారి తీస్తుంది.

ప్రమాదం తరువాత బోయింగ్, ప్రమాణాలకు లోబడని మొండేలను విచిటా నుంచి తీసుకోవడం మానేసి, వాటిని అక్కడే తనిఖీ చేసి సరిచేయించడం మొదలుపెట్టింది. 2005లో తానే వేరుచేసి అమ్మిన స్పిరిట్ సంస్థను తిరిగి కొనడానికి 2024లో ఒప్పందం చేసుకుంది. సొంతం చేసుకున్నంత మాత్రాన లోపాలు తగ్గవు. లోపాన్ని పుట్టిన చోటనే ఆపే అధికారం అక్కడి ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వడం వల్ల తగ్గుతాయి. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో టాటా బోయింగ్ కర్మాగారం 737 విమానాల తోక మీది నిలువు ఫిన్‌లను తయారు చేస్తోంది కనుక, సరఫరాదారు వైపు తనిఖీ ఎంత కట్టుదిట్టంగా ఉండాలనే ప్రశ్న మన ప్రాంతపు ఇంజనీర్లకూ నేరుగా సంబంధించినదే.

సమస్య 3: ఫిర్యాదులు రావడం లేదు

ఫిర్యాదుల పెట్టె ఖాళీగా ఉండటాన్ని మంచి లక్షణంగా భావించే మేనేజర్లు ఉన్నారు. వేల మంది పనిచేసే చోట లోపాలు ఎవరికీ కనిపించకపోవడం అసాధ్యం, కాబట్టి ఆ మౌనాన్ని ప్రమాద సూచనగానే తీసుకోవాలి.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నియమించిన నిపుణుల బృందం 2024 ఫిబ్రవరిలో 53 సిఫార్సులతో ఇచ్చిన నివేదిక, భద్రతా సంస్కృతి విషయంలో బోయింగ్ ఉన్నతాధికారులకూ కింది స్థాయి ఉద్యోగులకూ మధ్య పొంతన లేదని పేర్కొంది. “స్పీక్ అప్” అనే ఫిర్యాదుల వ్యవస్థ నిజంగా గోప్యంగా, స్వతంత్రంగా ఉంటుందా అని ఉద్యోగులు సందేహించారు. జీతం పెంపును, పనితీరు మార్కులను నిర్ణయించే అధికారి చేతిలోకే ఫిర్యాదు చేరే అవకాశం ఉంటే, ఎంత మంచి పోస్టర్లు అంటించినా ఎవరూ నోరు విప్పరు.

ఫిర్యాదును స్వీకరించే విభాగాన్ని ఉత్పత్తి అధికారుల నుంచి పూర్తిగా వేరు చేయాలి. విమానయాన రంగంలో దీనికి పాత ఉదాహరణ ఉంది. 1976 నుంచి అమెరికాలో పైలట్లు, ఇతర సిబ్బంది పంపే స్వచ్ఛంద భద్రతా నివేదికలను నియంత్రణ సంస్థ కాక నాసా స్వీకరిస్తోంది, పంపినవారి పేర్లను తొలగించిన తరువాతే వాటిని ఇతరులకు అందుబాటులో ఉంచుతోంది. కర్మాగారంలో దీనికి మరొకటి జోడించాలి: ఫిర్యాదు చేసిన వ్యక్తికి నిర్ణీత గడువులో “ఇది పరిశీలించాం, ఇది మార్చాం” అనో, మార్చకపోతే ఎందుకు మార్చలేదో జవాబు వెళ్లాలి. జవాబు రాని రెండవ ఫిర్యాదు తరువాత మూడవది రాదు.

పొరపాటుగా జరిగిన దానికి శిక్ష ఉండకూడదు. రికార్డును తెలిసి తెలిసి తారుమారు చేస్తే తప్పక ఉండాలి. ఈ గీతను ముందే రాసి అందరికీ చూపించాలి, ఘటన జరిగిన తరువాత గీయకూడదు.

మార్పు నిజమా కాదా తెలుసుకోవడం

మొదటి నెలల్లో ఫిర్యాదులు, నమోదైన లోపాలు పెరుగుతాయి. దీనిని చూసి యాజమాన్యం కంగారుపడి తగ్గింపు లక్ష్యాలు పెడితే, లోపాలు అలాగే ఉండి నమోదు మాత్రమే ఆగిపోతుంది. అంతకన్నా నమ్మదగిన కొలతలు ఉన్నాయి. బోయింగ్, ఎఫ్‌ఏఏ కలిసి గమనించిన ఆరు కొలమానాల్లో ఉద్యోగుల నైపుణ్యం, సరఫరాదారుల కొరతలు, ఒక్కో విమానానికి పట్టే మరమ్మతు గంటలు, కర్మాగారం దాటేనాటికి మిగిలిపోయిన పనులు ఉన్నాయి.

ఈ అంకెలు నిలకడగా ఉన్న తరువాతే ఉత్పత్తి వేగం పెంచాలి. ఎఫ్‌ఏఏ ప్రమాదం తరువాత 737 ఉత్పత్తిని నెలకు 38 విమానాల వద్ద ఆపి, 2025 అక్టోబరులో గానీ 42కు అనుమతించలేదు. బయటి నియంత్రణ సంస్థ విధించేదాకా ఆగకుండా, పై కొలతల్లో ఏది హద్దు దాటినా వేగాన్ని తగ్గించే అధికారం నాణ్యతాధిపతికి లిఖితపూర్వకంగా ఉండాలి, ఆ నిర్ణయాన్ని ఉత్పత్తి విభాగం తోసిపుచ్చే వీలు ఉండకూడదు.